రెయిన్‌బో హాదీ: ఏడు ఆటల హైదరాబాదీ

నాగర్‌కర్నూల్‌లో సాయంత్రం పూట ఏ ఖాళీ జాగా చూసినా పిల్లలు క్రికెట్ ఆడుతూ కనిపిస్తారు. వనపర్తిలో రాజావారి ప్యాలెస్ ఇప్పుడు పాలిటెక్నిక్ అయింది, గద్వాల్ కోట లోపల డిగ్రీ కాలేజీ నడుస్తోంది. అక్కడి పిల్లలదీ అదే ఆట. ఆట క్రికెట్టే గానీ చేతిలో ఉండేది మాత్రం టెన్నిస్ బంతి. ఈ మూడు ఊళ్ళలో టెన్నిస్ బాల్ పట్టని పిల్లాడు ఉండడు. టెన్నిస్ రాకెట్ పట్టినవాళ్ళను వెతకాలంటే మాత్రం కష్టం.

సరిగ్గా దీనికి తిరగేసిన కథ సయ్యద్ ముహమ్మద్ హాదీ గారిది. ఆయన టెన్నిస్‌లో దేశం తరఫున డేవిస్ కప్ ఆడారు, వింబుల్డన్‌లో దిగారు, 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. అయినా రికార్డు పుస్తకాల్లో ఆయన పేరు నిలిచింది క్రికెట్‌లో కొట్టిన ఒక్క సెంచరీ వల్ల. టెన్నిస్, క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, పోలో, టేబుల్ టెన్నిస్, చదరంగం, ఇలా ఏడు ఆటల్లో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి అప్పటివాళ్ళు ఆయనను రెయిన్‌బో హాదీ అని పిలిచారు. మన పాలమూరు మాటలో చెప్పాలంటే సింగిడి హాదీ.

1899 ఆగస్టు 12న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు రాజ్యం ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. మహబూబ్‌నగర్ జిల్లాకు ఆ పేరు వచ్చింది ఆయన మీదుగానే. గద్వాల్, వనపర్తి సంస్థానాలు ఆ రాజ్యం లోపలే తమ రాజుల చేతిలో ఉండేవి. హాదీ తండ్రి కెప్టెన్ సయ్యద్ ముహమ్మద్ నిజాం ఫౌజులో పనిచేసిన మనిషి, గుర్రపు స్వారీలో పేరున్నవాడు. కొడుక్కి ఊహ తెలియకముందే ఆయన పోయారు. ఆ యతీమ్ పిల్లవాడు సర్ ఆస్మాన్ జా ఇంటి నీడలో పెరిగాడు.

ఆస్మాన్ జా అంటే మామూలు నవాబు కాదు. పైగా ఖాందాన్‌కు చెందినవారు, 1887 నుంచి కొన్నేళ్ళు హైదరాబాద్ రాజ్యానికి దివాన్‌గా ఉన్నారు. నిజాం తర్వాత అంతటి దర్జా పైగా నవాబులదే. సొంత జాగీర్లు, సొంత ఫౌజు వాళ్ళకుండేవి. బషీర్‌బాగ్ ప్యాలెస్ వాళ్ళదే. ఈరోజు ఆ ప్యాలెస్ లేదు, హైదరాబాద్‌లో బస్సు కండక్టర్ నోట ఆ పేరు ఒక్కటే మిగిలింది. ఆస్మాన్ జా కొడుకు నవాబ్ మొయినుద్దౌలాకు ఆటలంటే ప్రాణం. ఆయన పేరు మీద నడిచే మొయినుద్దౌలా గోల్డ్ కప్ గురించి క్రికెట్ తెలిసినవాళ్ళకు చెప్పనక్కర లేదు.

తండ్రి లేని పిల్లాడికి నీడ దొరకడం ఒక ఎత్తు, ఆ నీడలో గుర్రాలు, మైదానాలు, ఆటలంటే పడిచచ్చే మనుషులు ఉండడం ఇంకో ఎత్తు. హాదీ ప్రతిభను తక్కువ చేసే మాట కాదిది. ఆ కాలంలో టెన్నిస్ అంటే పచ్చిక కోర్టు కావాలి, దాన్ని రోజూ కత్తిరించి, తడిపి, రోలర్ తిప్పే మనుషులు కావాలి. రాకెట్లు, బంతులు ఇంగ్లండ్ నుంచి ఓడల్లో రావాలి. జంతువుల పేగులతో చేసిన తీగలు వానాకాలం చెమ్మకు పాడైపోతే మళ్ళీ బిగించుకోవాలి. ఇదంతా భరించగలిగేవి దేవిడీలు, రెసిడెన్సీ, సికింద్రాబాద్ ఛావనీలోని ఇంగ్లీషు అఫ్సర్ల క్లబ్బులు మాత్రమే. అదే వయసులో అంతే చురుకైన పిల్లవాడు కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య నడిగడ్డ పల్లెలోనూ ఉండి ఉండొచ్చు. వాడి చేతికి రాకెట్ వచ్చే దారి లేదు.

చదువు కోసం హాదీ ఇంగ్లండ్ వెళ్ళి కేంబ్రిడ్జ్‌లో చేరారు. పీటర్‌హౌస్ కాలేజీ, 1284లో పెట్టింది, కేంబ్రిడ్జ్ కాలేజీలన్నింటిలోకీ పాతది. అక్కడ యూనివర్సిటీ తరఫున ఆక్స్‌ఫర్డ్ మీద ఆడినవాళ్ళకు బ్లూ అనే గౌరవం ఇస్తారు. ఇంగ్లండ్‌లో క్రికెట్, టెన్నిస్ రెండూ ఎండాకాలం ఆటలే. రెండు జట్లకూ ఒకే నెలల్లో మ్యాచ్‌లు పడతాయి. ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. హాదీ టెన్నిస్ వైపు మొగ్గారు. చలికాలంలో హాకీ, ఫుట్‌బాల్ ఎలాగూ ఉండనే ఉన్నాయి.

భారత్ డేవిస్ కప్‌లో మొదట అడుగుపెట్టింది 1921లో. దేశాల మధ్య జట్టుగా ఆడే పోటీ అది. మూడు రోజులు, నాలుగు సింగిల్స్, ఒక డబుల్స్. ఐదింటిలో మూడు గెలిచినవాళ్ళు ముందుకు పోతారు. మన దేశం నుంచి అంత దూరం ఓడలో పోవాలంటే వారాలు పట్టేది, ఖర్చు తడిసి మోపెడయ్యేది. అందుకే అప్పటికే విలాయత్‌లో చదువుకుంటున్నవాళ్ళకు, సెలవు పెట్టి వెళ్ళగలిగిన పెద్ద ఉద్యోగులకు జట్టులో చోటు దొరికేది. లాహోర్ బారిస్టర్ మహమ్మద్ సలీం, పంజాబ్‌లో ఐసీఎస్ అధికారి సిడ్నీ జేకబ్, బొంబాయి ఫైజీ కుటుంబపు ఆటగాళ్ళు, మద్రాసు తెలుగు ఇంటి బిడ్డ కోటా రామస్వామి ఆ తొలి రోజుల మనుషులు. రామస్వామి 1922లో ఆడారు. హాదీ వంతు 1924, 1925 సంవత్సరాల్లో వచ్చింది.

పేర్లు చూస్తే ఆ జట్టు ఎలాంటిదో తెలుస్తుంది. ముస్లింలు, హిందువులు, ఆంగ్లేయ పేర్లవాళ్ళు ఒకే జట్టులో ఉన్నారు. దేశం ఇంకా తెల్లవాళ్ళ చేతిలో ఉంది. హైదరాబాద్ మనిషి అయితే సాంకేతికంగా బ్రిటిష్ ఇండియా మనిషి కూడా కాదు, నిజాం రైతు. అయినా పారిస్‌లోనో లండన్‌లోనో కోర్టులోకి దిగితే బోర్డు మీద రాసేది ఇండియా అనే.

1924 జులైలో పారిస్ ఒలింపిక్స్. అక్కడ హాదీ డబుల్స్ ఆడారు. కొలోంబ్ స్టేడియం దగ్గర టెన్నిస్ ఏర్పాట్లు అధ్వానంగా ఉన్నాయని ఆటగాళ్ళు అప్పుడే గోల చేశారు. ఆ తర్వాత టెన్నిస్ సంఘాలకూ ఒలింపిక్ కమిటీకీ పొసగక ఆ ఆటను ఒలింపిక్స్ నుంచి తీసేశారు. మళ్ళీ పతకాల పోటీగా వచ్చింది 1988లో. అంటే హాదీ బ్యాచ్ తర్వాత 64 ఏళ్ళు ప్రపంచంలో ఎవరికీ ఒలింపిక్ టెన్నిస్ పతకం దక్కలేదు. భారత్‌కు టెన్నిస్‌లో మొదటి ఒలింపిక్ పతకం 1996లో లియాండర్ పేస్ తెచ్చారు. అప్పటికి హాదీ పోయి పాతికేళ్ళు.

ఆ పారిస్ ఆటలకు జర్మనీని పిలవలేదు. మొదటి ప్రపంచ యుద్ధం కోపం ఇంకా చల్లారలేదు. జర్మనీ ఊసు ఇక్కడ ఎందుకంటే, ఆ రోజుల్లో టెన్నిస్ అనేది ఎవరికి తెరిచి ఉండేది, ఎవరికి మూసి ఉండేది అనే సంగతి ఒక జర్మన్ ఆటగాడి బతుకులో బాగా కనబడుతుంది. నురెంబర్గ్‌కు చెందిన హాన్స్ నుస్లైన్ కుర్రతనంలో డబ్బు తీసుకుని పాఠాలు చెప్పాడని ప్రొఫెషనల్‌గా ముద్ర వేశారు. అంతే, వింబుల్డన్, డేవిస్ కప్ అతనికి జీవితాంతం మూతపడ్డాయి. ఆ తర్వాత ప్రపంచంలోని గొప్ప ప్రొఫెషనల్స్‌తో సమానంగా ఆడినా లాభం లేకపోయింది. అప్పటి రూల్ అది. ఆట ఆడి రూపాయి తీసుకున్నవాడు అమెచ్యూర్ కాదు, అమెచ్యూర్ కానివాడికి పెద్ద పోటీల్లో చోటు లేదు.

పైకి ఇది నీతిగల నియమంలా కనబడుతుంది. ఆచరణలో దాని అర్థం ఒక్కటే. తినడానికి ఉన్నవాడే ఆడాలి. హాదీ ఆ గీతకు ఇవతల ఉన్నారు, నుస్లైన్ అవతల ఉండిపోయాడు. ఆ గోడ కూలింది 1968లో, అమెచ్యూర్లూ ప్రొఫెషనల్సూ కలిసి ఆడవచ్చని ఒప్పుకున్నాక. అప్పటికి హాదీకి 68 ఏళ్ళు. డేవిస్ కప్ ఆడినందుకు గానీ, వింబుల్డన్‌లో దిగినందుకు గానీ ఆయన తరం ఆటగాళ్ళకు బహుమతి డబ్బు అనేదే లేదు.

హాదీ తర్వాతి తరంలో భారత టెన్నిస్‌ను ఇంకాస్త పైకి తీసుకెళ్ళింది లక్నో దగ్గర మలీహాబాద్ మనిషి గౌస్ మహమ్మద్. 1939లో వింబుల్డన్ సింగిల్స్ క్వార్టర్ ఫైనల్‌కు చేరిన మొదటి భారతీయుడు ఆయన. అదే ఏడు లండన్ క్వీన్స్ క్లబ్ ఫైనల్‌లో జర్మనీ గొప్ప ఆటగాడు గాట్‌ఫ్రీడ్ ఫాన్ క్రామ్ చేతిలో ఓడారు. నాజీ పార్టీలో చేరడానికి ఒప్పుకోని ఫాన్ క్రామ్ అంతకు ముందు ఏడే జైలుకు పోయి వచ్చినవాడు. మలీహాబాద్ మామిడి తోటల నుంచి వచ్చినవాడూ, హిట్లర్ జైలు నుంచి వచ్చినవాడూ లండన్ పచ్చిక మీద ఎదురెదురుగా నిలబడ్డారు. హాదీ లాంటి వాళ్ళు పదిహేనేళ్ళ ముందు వేసిన బాట మీదనే గౌస్ మహమ్మద్ అక్కడి దాకా నడిచారు.

హాదీ మాత్రం అప్పటికి హైదరాబాద్ తిరిగొచ్చేశారు, చేతిలో రాకెట్ స్థానంలో బ్యాటు వచ్చింది. హైదరాబాద్‌లో క్రికెట్‌కు అది మంచి కాలం. మొయినుద్దౌలా గోల్డ్ కప్‌కు దేశం నలుమూలల నుంచీ పేరున్న ఆటగాళ్ళు సికింద్రాబాద్ దిగేవారు. 1934లో జాతీయ స్థాయి పోటీ మొదలైంది, అదే రంజీ ట్రోఫీ. పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ ఇచ్చిన కప్పు. ఆ ఏడు నవంబరు 4న మద్రాసు చేపాక్‌లో మద్రాసుకూ మైసూరుకూ జరిగిన మొదటి మ్యాచ్ ఒక్క రోజులోనే ముగిసింది. ఒకే రోజులో రెండు జట్లూ ఆడేసిన ఆ మ్యాచ్‌లో సెంచరీ మాటే లేదు.

తర్వాత మద్రాసు జట్టు హైదరాబాద్‌తో ఆడడానికి సికింద్రాబాద్ వచ్చింది. ఆ మ్యాచ్‌లో హాదీ 132 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచారు. రంజీ ట్రోఫీ చరిత్రలో అది మొట్టమొదటి సెంచరీ. ఆయన వయసు అప్పటికి 35. ఇప్పుడైతే ఆ వయసులో ఆటగాళ్ళు రిటైర్‌మెంట్ ప్రకటన రాసుకుంటారు. హాదీ కేంబ్రిడ్జ్‌లో క్రికెట్‌కు పెద్దగా టైం ఇవ్వలేదు, మంచి వయసు టెన్నిస్‌కు ధారపోశారు, అయినా ఈ సెంచరీ ఒక్కటి మిగిలిన లెక్కలన్నింటినీ మింగేసింది. ఆ తర్వాత రంజీలో వేలకొద్దీ సెంచరీలు వచ్చాయి. త్రిశతకాలు, చతుశ్శతకం కూడా వచ్చాయి. మొదటిది మాత్రం ఎవరూ మార్చలేనిది.

1936లో భారత క్రికెట్ జట్టు ఇంగ్లండ్ వెళ్ళింది. హాదీ ఆ బృందంలో ఉన్నారు, ఖజానా లెక్కలు చూసే బాధ్యత ఆయనది. అదో గలాటా టూర్. కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అనేవారు. ఆట కన్నా పలుకుబడితో కెప్టెన్ అయ్యారన్న విమర్శ ఉంది. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో సగంలోనే ఇంటికి పంపేశారు. తెలుగువాళ్ళు చదివితే ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. కెప్టెన్ విజయనగరం మనిషి, సి.కె.నాయుడు తెలుగు మూలాల కుటుంబీకుడు, కోటా రామస్వామి మద్రాసు తెలుగువాడు, హైదరాబాద్ నుంచి ఎస్.ఎం.హుస్సేన్, హాదీ ఉన్నారు. అంతమంది మన నేలతో బంధం ఉన్నవాళ్ళు ఒకే భారత జట్టుతో ప్రయాణం చేయడం మళ్ళీ ఎప్పుడు జరిగిందో లెక్క చూడాల్సిందే.

ఇంకో ముచ్చట. డేవిస్ కప్ టెన్నిస్ ఆడిన ఇద్దరు, రామస్వామి, హాదీ, ఆ క్రికెట్ టూర్‌లో కలిశారు. రామస్వామికి 40 ఏళ్ళ వయసులో టెస్టు ఆడే అదృష్టం ఆ టూర్‌లోనే పట్టింది. హాదీకి టెస్టు క్యాప్ ఎన్నడూ దక్కలేదు. ఏడు ఆటల మనిషికి ఆ ఒక్క రంగు తక్కువైంది.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన మరుసటి సీజన్లు హైదరాబాద్ క్రికెట్‌కు పండగ. 1937-38లో రంజీ ట్రోఫీ గెలిచింది. బొంబాయిలో నవానగర్ మీద ఫైనల్. ఎడుల్జీ ఐబరా 137 నాటౌట్‌తో నిలబడి చివరి వికెట్ చేతిలో ఉండగా గెలిపించారు. ఒకే ఒక్క వికెట్ తేడా. హుస్సేన్ కెప్టెన్. మళ్ళీ ఆ కప్పు హైదరాబాద్‌కు రావడానికి 1986-87 దాకా ఆగాల్సి వచ్చింది. 1937-38 హైదరాబాద్ అంటే ఇప్పటి పట్నం ఒక్కటే కాదు, గుల్బర్గా, ఔరంగాబాద్, మహబూబ్‌నగర్ అన్నీ కలిసిన రాజ్యం. 1956లో ఆ రాజ్యం మూడు ముక్కలైంది. గద్వాల్, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఆంధ్రప్రదేశ్‌లోకి, ఇప్పుడు తెలంగాణలోకి వచ్చాయి, 2016లో సొంత జిల్లాలూ అయ్యాయి. రంజీలో మాత్రం ఈ ఊళ్ళ పిల్లవాడు ఎవడైనా పైకొస్తే ఈరోజుకీ ఆడేది హైదరాబాద్ పేరుతోనే. రాజ్యం పోయినా జట్టు పేరు పోలేదు.

హాదీ బతుకుతెరువు ఆటలో లేదు, ఉద్యోగంలో ఉంది. హైదరాబాద్ రాజ్యపు విద్యాశాఖలో చేరి పిల్లల వ్యాయామ విద్య, బాయ్ స్కౌట్ పనులు చూశారు. ఆయన జీవితంలో ఎక్కువ విలువైన భాగం ఇదే కావచ్చు, దీని మీద రాసినవాళ్ళు తక్కువ. ఆ రోజుల్లో సర్కారు బడులను మదర్సా అనేవారు, మిడిల్ స్కూలు వస్తానియా, హైస్కూలు ఫౌఖానియా. చదువంతా ఉర్దూలో. ఇంటి పెద్దలు ఇప్పటికీ ఆ పేర్లు చెబుతుంటారు. అలాంటి బడిలో పొద్దున్నే పిల్లల్ని వరుసలో నిలబెట్టి డ్రిల్లు చేయించడం, ఓ బంతి ఇచ్చి మైదానంలోకి తోలడం అనేది చిన్న పనిలా కనబడుతుంది. దేవిడీ గోడల లోపల పెరిగిన ఆట గోడ దాటి బయటికి రావాలంటే ఉన్న తొవ్వ అదొక్కటే. వింబుల్డన్‌లో రాకెట్ తిప్పిన మనిషి ఆ తొవ్వ పనికి కుదురుకున్నారు.

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. నిజాం రాజ్యం ముగిసింది, తర్వాతి ఏడాది జాగీర్లూ పోయాయి. హైదరాబాద్ ముస్లిం కుటుంబాల్లో ఆ రోజుల గుబులు తెలియని ఇల్లు లేదు. ఉద్యోగాలు పోయినవాళ్ళు, కరాచీ ఓడ ఎక్కినవాళ్ళు, ఏం చేయాలో తెలియక దేవిడీ సామాను అమ్ముకుని బతికినవాళ్ళు అన్ని రకాలూ ఉన్నారు. హాదీని పెంచిన లోకం ఆయన కళ్ళ ముందే కరిగిపోయింది. ఆయన ఇక్కడే ఉండిపోయారు. పోయిన దర్జాను తలుచుకుంటూ కూర్చోలేదు. ఢిల్లీ వెళ్ళి కేంద్ర విద్యాశాఖలో పనిచేశారు, కొత్తగా ఏర్పడిన అఖిల భారత క్రీడా మండలి పనుల్లో పాలుపంచుకున్నారు. నిజాం సర్కారు బడి పిల్లలకు చేసిన పనినే ఇప్పుడు దేశం మొత్తానికి, ఫైళ్ళ మీద, చేయాల్సి వచ్చింది.

హైదరాబాద్ నుంచి టెన్నిస్‌లో ప్రపంచ స్థాయికి మళ్ళీ ఒకరు చేరడానికి దశాబ్దాలు పట్టింది. 2015లో సానియా మీర్జా వింబుల్డన్ డబుల్స్ కప్పు ఎత్తినప్పుడు టీవీల ముందు కూర్చున్నవాళ్ళలో, తొంభై ఏళ్ళ ముందు అదే వింబుల్డన్‌లో ఇంకో హైదరాబాదీ ముస్లిం ఆడాడని తెలిసినవాళ్ళు ఎంతమంది? సానియా ప్రొఫెషనల్. గెలిచిన మ్యాచ్‌కు డబ్బు వచ్చింది, స్పాన్సర్లు వచ్చారు, ఆ సంపాదనతో ఊళ్ళో అకాడమీ పెట్టే స్థోమత వచ్చింది. నవాబు ఇంటి నీడ లేకుండా ఓ మధ్యతరగతి ఇంటి అమ్మాయి అక్కడికి చేరింది. దానికీ తల్లిదండ్రులు తిప్పలు పడాల్సిందే. కోర్టు ఖర్చు, కోచ్ ఖర్చు ఈరోజుకీ క్రికెట్ లాంటివి కావు. అందుకే జిల్లా ఊళ్ళలో టెన్నిస్ బంతి దొరికినంత సులువుగా టెన్నిస్ దొరకదు.

హాదీ చివరి రోజులు హైదరాబాద్‌లోనే గడిచాయి. 1971 జులై 14న అక్కడే కన్నుమూశారు. 71 ఏళ్ళు. ఆ రోజుల్లో అజిత్ వాడేకర్ జట్టు ఇంగ్లండ్‌లో టూర్ చేస్తోంది. హాదీ చెహ్లుం దాటిన ఒకటి రెండు రోజులకు, ఆగస్టు 24న, ఓవల్ మైదానంలో భారత్ ఇంగ్లండ్ గడ్డ మీద మొదటిసారి టెస్టు గెలిచింది, సిరీస్ కూడా గెలిచింది. గెలుపు పరుగులు తెచ్చిన చివరి ఫోర్ కొట్టింది హైదరాబాద్ మనిషి సయ్యద్ ఆబిద్ అలీ.